కొండమీది మరియమాత పుణ్యక్షేత్రానికి కతోలికులు కానివారు వెళ్ళినప్పుడు

ప్రశ్న:
మాది క్రైస్తవ కుటుంబం కాదు. కతోలికురాలైన నా స్నేహితురాలు మొక్కు తీర్చుకోవడానికి చిన్న కొండమీద ఉన్న మరియమాత క్షేత్రానికి వెళుతూ నన్ను కూడా రమ్మంటున్నది. దారి పొడవునా సిలువ మార్గం, పైన గుహలో మాత స్వరూపం, పక్కనే చిన్న గుడి ఉన్నాయట. దివ్యబలిపూజ (కతోలికుల ముఖ్య ఆరాధన) జరుగుతున్నప్పుడు నేను లోపల కూర్చోవచ్చునా? తెలియక ఎవరి మనసైనా నొప్పిస్తానేమోనని సందేహం.

మొదటి జవాబు:
నిరభ్యంతరంగా వెళ్ళండి. సిలువ మార్గంలో యేసు చివరి ఘట్టాలను చూపే 14 స్థలాలు ఆయనకు మరణశిక్ష విధించడంతో మొదలై ఆయనను సమాధి చేయడంతో ముగుస్తాయి. భక్తులు ఒక్కొక్క స్థలం దగ్గర ఆగి ప్రార్థించి ముందుకు సాగుతారు కనుక, మీ స్నేహితురాలి నడకకు మీ నడకను సర్దుకోండి. నాలుగవ స్థలంలో యేసు తన తల్లిని కలుసుకుంటాడు. మాత దగ్గరికే వెళుతున్నవారికి ఆ ఘట్టం ప్రత్యేకంగా తాకడం సహజం. పైనున్న స్వరూపం తెల్లని వస్త్రాలతో, నీలి నడికట్టుతో, పాదాలమీద గులాబీలతో ఉంటే ఆమె లూర్దుమాత. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సులోని లూర్దులో, ఒక గుహ దగ్గర, 14 ఏళ్ళ బెర్నదెత్‌కు మాత మొదటిసారి దర్శనమిచ్చిందని కతోలికుల విశ్వాసం. ఆ తేదీనే పండుగ కాబట్టి, ప్రశాంతత కోరుకుంటే మరో రోజున వెళ్ళడం మేలు.

రెండవ జవాబు:
పండుగనాడు వెళ్ళవద్దనడాన్ని నేను ఒప్పుకోను; అంతమంది గొంతు కలిపి జపమాల (పూసలు లెక్కిస్తూ చేసే మరియమాత ప్రార్థన) చెబుతుంటే వినడమూ ఒక అనుభవమే. ఇక పూజ సంగతి: మీరు నిరభ్యంతరంగా కూర్చోవచ్చు, అందరూ లేచినప్పుడు లేస్తే చాలు, మోకరించి తీరాలన్న నియమం మీకు లేదు. అయితే దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో వరుసగా వచ్చినవారికి ఇచ్చే అప్పం, సాధారణ ప్రసాదం వంటిది కాదు, అది క్రీస్తు శరీరమేనని వారి విశ్వాసం. కనుక ఆ వరుసలోకి వెళ్ళకుండా మీ స్థానంలోనే ఉండండి. లోపల ఎర్రని దీపం వెలుగుతూ ఉంటే సత్ప్రసాదం అక్కడి మందసంలో (దాన్ని భద్రపరిచే పెట్టెలో) ఉన్నదని గుర్తు, పూజ లేని వేళల్లో కూడా మాటలు తగ్గించాలి. మరొక మాట, కతోలికులు మరియమాతను ఆరాధిస్తారని అక్కడ అనకండి. ఆరాధన దేవునికే; ఆమెకు చెల్లించేది గౌరవం, ఆమెను అడిగేది తమకోసం ప్రార్థించమని.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. నేను కూడా కొవ్వొత్తి వెలిగించవచ్చునా?

రెండవ జవాబు ఇచ్చినవారు:
తప్పకుండా. గుహ ముందు అందుకోసం కేటాయించిన చోటనే వెలిగించండి. కొండమీద గాలి ఎక్కువ, ఎండుగడ్డి అంటుకునే ప్రమాదం ఉంటుంది.