అప్‌డేట్: మెట్ల దగ్గర గేటు పెట్టించాం

పోయిన నెల అడిగాను కదా, పది నెలల పాప పాకుతూ మెట్లెక్కేస్తోంది, తలుపు సందుల్లో వేళ్లు పెడుతోంది, ఏం చేయాలని. చెప్పినవాళ్లందరికీ థాంక్స్. ముందు స్క్రూలు లేకుండా గోడల మధ్య బిగించే గేటు కొన్నా. కింద మెట్టు దగ్గర బానే ఉంది. పైన మాత్రం పెట్టొద్దని ఒక అక్క గట్టిగా చెప్పారు, వినకుండా పెట్టి చూశాకే అర్థమైంది: మోకాలితో కాస్త నెడితే ఒక పక్క జారింది, పైగా కింద అడ్డంగా ఉండే పట్టీ మన కాలికే తగులుతుంది, పాపని ఎత్తుకుని దిగుతూ తట్టుకున్నామంటే ఇద్దరం కిందే. అందుకని కార్పెంటర్‌ని పిలిచి పైన గోడకి స్క్రూలతో బిగించిన చెక్క గేటు పెట్టించాం, మెట్ల వైపు కాకుండా హాల్ వైపు తెరుచుకునేలా. రెయిలింగ్ కడ్డీల మధ్య టేపు పెట్టి కొలిస్తే అయిదున్నర అంగుళాలు! నాలుగు దాటితే పిల్లలు దూరిపోతారు కాబట్టి వల కట్టాం, చూడ్డానికి కోళ్లగూడులా ఉంది, ఉండనీ.

బాత్రూమ్‌కి బయట పైన గడియ వేయించాం. బెడ్‌రూమ్ లోపల కింద ఉన్న గడియ పీకేయించాం, పాప లోపల వేసేసుకుంటుందేమోనని ఒకటే టెన్షన్. వేళ్ల సంగతి మాత్రం అత్తయ్య రూపాయి ఖర్చు లేకుండా తేల్చేశారు, పాత తువ్వాలు మడిచి తలుపు పైఅంచు మీద వేశారు, గాలికి కొట్టుకున్నా పూర్తిగా మూసుకోవట్లేదు. బందుల వైపు సందుకే ఇంకా ఏమీ చేయలేదు, ప్లాస్టిక్ కవర్ ఆర్డర్ పెట్టా.

పాప ఇప్పుడు గేటు పట్టుకుని నిలబడి మమ్మల్ని తిడుతోంది.