అమ్మ ఊర్లో సోలార్‌కి కంట్రోలర్: పీడబ్ల్యూఎం చాలా, ఎంపీపీటీ కావాలా?

కాశీనగర్_అబ్బాయి
అందరికీ నమస్కారం. నేను సూరత్‌లో పని, అమ్మ ఒక్కర్తే ఊర్లో ఉంటాది. ఇంట్లో ఇన్వర్టరుంది, 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి, కరెంటు పోతే రెండు ఫ్యాన్లు లైట్లు నడుస్తాయి. 2018లో తిత్లీ తుఫానప్పుడు కరెంటు ఎప్పటికొస్తాదో తెలీక ఫోన్ ఛార్జింగ్‌కి కూడా జనరేటరున్నోళ్ళింటి చుట్టూ తిరిగాం, అప్పట్నుంచీ సోలార్ పెట్టించాలనుంది. ఇప్పుడు మా బావ వాళ్ళ ఆఫీసు మేడ మీంచి దించేసిన 330 వాట్ల ప్యానెళ్ళు రెండు ఊరికే ఇచ్చాడు. ప్యానెల్ నుంచి బ్యాటరీకెళ్ళే ఛార్జింగ్‌ని అదుపు చేసే కంట్రోలరొక్కటే కొనాలి. పీడబ్ల్యూఎం అయితే వెయ్యి, పదిహేనొందల్లో అయిపోతాదట, ఎంపీపీటీ అయితే ఐదారు వేలు పైమాటేనట. అంత తేడా దేనికి? ఏది తీసుకోమంటారు?

నౌపడాలైన్
ప్యానెల్ వెనకాల స్టిక్కర్ మీద వీఓసీ, అంటే దేనికీ తగిలించనప్పుడు ప్యానెల్ చూపించే వోల్టేజి, ఎంతుందో చూసి చెప్పండి ముందు.

లెక్కలమాస్టారు_రాయగడ
ఎంపీపీటీ. రెండో మాట లేదు. పీడబ్ల్యూఎం అంటే ఒట్టి స్విచ్చి బాబూ, ప్యానెల్‌ని తీసుకెళ్ళి బ్యాటరీకి తగిలించడం, నిండాక కట్ చేస్తూ కలుపుతూ ఉండడం, అంతే దాని పని. 330 వాట్ల ప్యానెల్ అంటే మామూలుగా 72 సెల్స్‌ది, 37 వోల్టుల చిల్లర దగ్గర 9 ఆంపులకి కాస్త తక్కువిస్తుంది. పీడబ్ల్యూఎం పెడితే ఆ 37 కాస్తా బ్యాటరీ ఉన్న 13కి దిగిపోతుంది, ఆంపులు మాత్రం పెరగవు. 13 పెట్టి తొమ్మిదిని గుణించండి, 117. మిగతా రెండొందల పైచిలుకు వాట్లు ఏమైనట్టు? ఎంపీపీటీ ఎక్కువున్న వోల్టేజిని దించి దాన్ని ఆంపుల్లోకి మారుస్తుంది, అందుకే ఆ రేటు.

వంశధార_వైండింగ్
మాస్టారూ లెక్క బావుంది కానీ సగమే చేసారు. ప్యానెళ్ళు రెండున్నాయన్నాడు కదా, రెండూ ప్యారలల్ వేస్తే 18 ఆంపులు. 150 ఏహెచ్ ట్యూబులర్‌కి ఎంతివ్వాలి? పదో వంతు, 15. ఇంకో రెండు మూడెక్కితే దానికేం కాదు. పీడబ్ల్యూఎం తోనే బ్యాటరీకి కావలసినంతా వస్తంటే ఇంకా ఎక్కువ తెచ్చి ఏం చేసుకుంటాడు, నీళ్ళు మరగబెట్టుకుంటాడా? ప్యానెళ్ళు ఊరికే వచ్చాయి, మిగతా వాట్లు పోతే ఎవడి సొమ్ము పోయింది. గుణుపురంలో నేను వేసినవి ఎన్నో ఇళ్ళలో ఇప్పటికీ ఆడతన్నాయి.

బరంపురం_బుల్లోడు
ఈ గోలంతా ఎందుకు గురూ, పీఎం సూర్యఘర్‌లో పెట్టించుకో, 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ. బ్యాటరీ గీటరీ అక్కర్లేదు.

పర్లాకిమిడి_కోడలు
అది లైనుకి కలిపే సోలార్ బుల్లోడు గారూ. లైన్లో కరెంటు పోతే ఆ ఇన్వర్టరూ ఆగిపోతుంది, స్తంభమెక్కిన లైన్‌మేన్‌కి షాక్ కొట్టకుండా అలా పెడతారు. ఎండ ఫెళ్ళుమని కాస్తున్నా ఇంట్లో చీకటే. ఆయన అడిగింది తుఫానప్పటి సంగతి.

బరంపురం_బుల్లోడు
అయినా 78,000 అంటే మాటలా.

చలిపొట్టంగి
మాది కొరాపుట్ పైన. ఎంపీపీటీ తీసుకుంటే ఒక్క ప్యానెలే పెట్టండి, ఎండలో 250 వాట్లొచ్చినా బ్యాటరీకి 18 ఆంపులవుతాయి, రెండోది దాచుకోండి. రెండూ సిరీస్‌లో మాత్రం వెయ్యొద్దు. ఇలాంటి ప్యానెల్‌కి వీఓసీ మామూలుగా 46 ఉంటుంది, 46, 46 కలిపితే 92, కంట్రోలర్ 100 వోల్టులదే కదా అనుకుంటారు, చలికి ప్యానెల్ వోల్టేజి పెరుగుతుంది. మా దగ్గర చలికాలం తెల్లారగట్ల ఐదారు డిగ్రీలుంటుంది, అప్పుడా 92 కాస్తా 97 దాటుతుంది. అంచు మీద నడవడం దేనికి.

వంశధార_వైండింగ్
చూసారా, ఎంపీపీటీ పెడితే ఒక ప్యానెల్ 18, పీడబ్ల్యూఎం పెడితే రెండు ప్యానెళ్ళు 18. అంటే ఊరికే వచ్చిన రెండో ప్యానెల్‌ని అటక మీద పడుకోబెట్టడానికి ఐదు వేలు ఖర్చన్నమాట. పైగా వేసవిలో ప్యానెల్ కాలిపోతుంటాది, వోల్టేజి పడిపోతాది, అప్పుడు మీ ఎంపీపీటీకి మార్చడానికి మిగిలేదేటి?

లెక్కలమాస్టారు_రాయగడ
18 వోల్టుల పాత చిన్న ప్యానెల్‌కి ఆ మాట ఒప్పుకుంటాను, ఎండకి 18 కాస్తా 15 అవుతుంది, తేడా పెద్దగా ఉండదు. వీటికి 37 దిగి 31 అవుతుంది, బ్యాటరీ 13 దగ్గరే ఉంటుంది. ఇంకా రెట్టింపు పైనే కదా. 18 వోల్టుల ప్యానెల్ మాట తెచ్చి 37 వోల్టుల దానికి అతికిస్తారేమిటండీ.

వంశధార_వైండింగ్
నేను ప్యానెల్ వేడెక్కితే వోల్టేజి పడతాదన్నాను. పడతాదా లేదా?

లెక్కలమాస్టారు_రాయగడ
పడుతుంది. ఎంత పడుతుందన్నదే ప్రశ్న.

వంశధార_వైండింగ్
పడతాది కదా. అయిపోయింది.

పర్లాకిమిడి_కోడలు
మీ ఇద్దరూ ఒకటి మర్చిపోతున్నారు. లైన్లో కరెంటున్నంతసేపూ ఇన్వర్టరే బ్యాటరీని నింపేస్తుంది. నిండిన బ్యాటరీ ముందు ఏ కంట్రోలరైనా ఖాళీగా కూర్చునేదే. అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు ఈ ఎక్కువ తక్కువల గొడవే లేదు. తుఫాను వెలిసి కరెంటు రాని నాలుగు రోజులే లెక్క. అప్పుడు మబ్బుంటుంది, మబ్బులో ఆంపులే పడిపోతాయి, ఏ డబ్బా ఉన్నా వచ్చేది కొంచెమే. మా అత్తగారింట్లో అయితే అసలు సమస్య ఇదేదీ కాదు, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పొయ్యడం ఎవరికీ గుర్తుండదు.

నౌపడాలైన్
స్టిక్కర్.

కాశీనగర్_అబ్బాయి
పక్కింటి కుర్రాడు ఫొటో తీసి పంపాడండి. వీఓసీ 46.1 అనుంది. నేను చూసి పెట్టుకున్న పీడబ్ల్యూఎం పుస్తకంలో "12 వోల్టుల బ్యాటరీకి ప్యానెల్ 25 వోల్టులు మించరాదు, 24 వోల్టుల బ్యాటరీకి 50" అని రాసుంది. అంటే?

నౌపడాలైన్
అంటే ఆ డబ్బా వద్దని. అందుకే మొదట్నుంచీ అడుగుతున్నాను.

లెక్కలమాస్టారు_రాయగడ
విన్నారా వైండింగ్ గారూ. ఇందాకట్నుంచీ ఆంపులు ఆంపులు అన్నారు, వోల్టుల మాటే ఎత్తలేదు. 25 రాసిన దాని నెత్తిన 46 పెడితే లోపల స్విచ్చిలా పనిచేసే మాస్‌ఫెట్ షార్టయిపోయి ప్యానెల్ తిన్నగా బ్యాటరీకి తగులుకుంటుంది. ఇక కట్ చేసేవాడే లేడు, ఎండున్నంతసేపూ నీళ్ళు ఉడుకుతూనే ఉంటాయి. ఆ ఇంట్లో పెద్దావిడ ఒక్కత్తే ఉంటుంది. మీరు వేసిన ఇళ్ళన్నిటిలో ఇలాగే వేసారా?

వంశధార_వైండింగ్
నోరు జారొద్దు మాస్టారూ. 12 మీద కూడా 50 తట్టుకునే పీడబ్ల్యూఎంలు ఉన్నాయి, నేను చూసి వేస్తాను. బోర్డు మీద సుద్దముక్కతో గీస్తే అన్నీ తిన్నగానే ఉంటాయి. తిత్లీకి కొట్టుకుపోయిన రోడ్ల మీద బండి తోసుకుంటూ ఇన్వర్టర్లు బాగుచేసింది ఎవరు? మీ ఎంపీపీటీ కంపెనీవాడొచ్చాడా?

లెక్కలమాస్టారు_రాయగడ
సుద్దముక్క అన్నారు కాబట్టి చెప్తున్నాను. నేను కూడా నమ్మి ఒక కొట్లో తీసుకున్నవాణ్ణే. పైన పెద్ద అక్షరాలతో ఎంపీపీటీ అని ఉంది, ఆరు వేలు తీసుకున్నాడు. చేత్తో పట్టుకుంటే సబ్బుపెట్టెంత బరువు. నిజమైన దాంట్లో రాగి చుట్టిన పెద్ద కాయిలుంటుంది, వెనకాల అల్యూమినియం హీట్‌సింక్ ఉంటుంది, బరువుగా ఉంటుంది. అనుమానమొచ్చి వైరు చుట్టూ పట్టించి ఆంపులు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టాను. ప్యానెల్ వైర్లో ఎన్ని ఆంపులో బ్యాటరీ వైర్లోనూ అన్నే. అసలైన ఎంపీపీటీ అయితే బ్యాటరీ వైపు ఎక్కువుండాలి. అడిగితే "వాడితే మీకే తెలుస్తాది సార్" అన్నాడు. ఏడాది తిరిగేసరికి బ్యాటరీ పోయింది. అప్పట్నుంచీ మీటర్ మాట తప్ప ఎవరి మాటా వినదల్చుకోలేదు.

వంశధార_వైండింగ్
అదీ సంగతి. అంటే ఎవడో మోసం చేసాడని మెకానిక్కులందరం దొంగలమే. నా గోడు వినండి మరి. ఆన్‌లైన్లో తెప్పించుకుంటారు, నన్నొక్క మాట అడగరు. కాలిపోయాక వాట్సాప్‌లో ఫొటో పెట్టి "ఇది ఏటయిందో చెప్పు అన్నా". విప్పి చూస్తే పార్టు ఇక్కడ దొరకదు, విశాఖపట్నంలోనూ దొరకదు. దొరకదంటే "వీడికి పని రాదు" అని ఊరంతా చెప్తారు. నేను పీడబ్ల్యూఎం ఎందుకంటానో తెలుసా, అది పోతే నా దగ్గర ఇంకోటుంటాది, సాయంత్రానికి మార్చేస్తాను. మీ డబ్బా పోతే నెల. ఆ నెల్లో ఆవిడ ఎవరికి చెప్పుకుంటాది?

కాశీనగర్_అబ్బాయి
అన్నా, మాస్టారూ, నా భయం కూడా అదే. శాతాలు నాకెందుకు. ఎర్ర లైటు వెలిగితే అమ్మ ఎవరికి ఫోన్ చెయ్యాలి? కస్టమర్ కేర్‌వాడు హిందీలో అడుగుతాడు, అమ్మకి తెలుగూ ఒడియా తప్ప రాదు. సూరత్ నుంచి నేనేం చెయ్యగలను.

లెక్కలమాస్టారు_రాయగడ
ఆ ప్రశ్న ముందే అడగాల్సింది బాబూ. సరే, వస్తువు పెట్టే మనిషి దగ్గరే కొను, నాకేం అభ్యంతరం లేదు, ఆయన దగ్గరే కొను. కానీ పెట్టాక నీ మనిషొకడు దగ్గరుండి రెండు వైర్లూ మీటర్‌తో చూడాలి.

వంశధార_వైండింగ్
చూసుకోండి, భయమేటి నాకు. తమ్ముడూ, 46 ఉంది కాబట్టి ఎంపీపీటీయే తెప్పిస్తాను, నాకు తెలిసినచోట, పోతే మార్చిచ్చేదే. ఒక ప్యానెలే కలుపుతాను. అది మాస్టారి మాటకి కాదు, నీ స్టిక్కర్‌కి.

చలిపొట్టంగి
బ్యాటరీ ప్లస్ దగ్గర ఫ్యూజు మర్చిపోకండి. కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. సెట్టింగ్‌లో లిథియం కాకుండా ట్యూబులర్ అని పెట్టాలి.

వంశధార_వైండింగ్
అది మాకు తెల్దా బాబూ. మాస్టారూ, మీటర్ పంపితే డీసీ కొలిచేది పంపండి. మామూలు ఏసీ క్లాంప్ ఇచ్చి పంపితే సున్నా చూపిస్తాది, మళ్ళీ నన్నే అంటారు.