దూరపు కొండలు నునుపే సరే, అందమని ఎవరన్నారు?

"దూరపు కొండలు నునుపు" అంటే దూరాన ఉన్నవన్నీ అందంగా కనిపిస్తాయని మొన్న గ్రూపులో ఎవరో అర్థం రాశారు, బోలెడు లైకులు కూడా పడ్డాయి. నా పేచీ అక్కడే. సామెతలో అందం ఎక్కడుందండీ? ఉన్నది నునుపు, అంటే గరుకు కనబడకపోవడం.

నిన్న వాన వెలిశాక తార్నాకలో మా డాబా ఎక్కి చూస్తే మౌలాలి గుట్ట (మా ఇంట్లో కొండ అనరు, గుట్టే) రుబ్బురోలు పొత్రంలా నున్నగా ఉంది. పోయిన నెల అదే గుట్ట ఎక్కితే మనిషంత బండలు, మధ్యలో ముళ్లకంప, మా పాప మోకాలు గీరుకుపోయింది. లెక్క చూస్తే, రెండు చుక్కలు మన కంటికి విడివిడిగా తెలియాలంటే వాటి మధ్య కోణం డిగ్రీలో 60వ వంతైనా ఉండాలి. కిలోమీటరు దూరంలో అది దాదాపు 30 సెంటీమీటర్లు, 5 కిలోమీటర్లకు మీటరున్నర. మనిషంత బండ అందులో కలిసిపోదూ?

— మరి ఇంకా దూరం పోతే ఇంకా నునుపవ్వాలి కదా సార్, మొత్తానికే ఎందుకు మాయమవుతుంది?

భూమి వంపు ఒకటి. 100 మీటర్ల గుట్ట కొస నేలబారు చూపుకి 36 కిలోమీటర్ల దాకానే అందుతుంది, గాలి వెలుగును కొంచెం కిందికి వంచుతుంది కాబట్టి ఇంకో రెండు మూడు కలుపుకోండి. ఎత్తు నాలుగింతలైనా దూరం రెండింతలే. మనమూ ఎత్తెక్కితే మన వాటా కలుస్తుంది, అందుకే 2016లో పిరనీస్ శిఖరం మీంచి 443 కిలోమీటర్ల అవతలి ఆల్ప్స్ శిఖరాన్ని ఫొటో తీయగలిగారు. మామూలుగా మాత్రం వంపు కంటే ముందు దుమ్మూ పొగా తేమా అడ్డొస్తాయి. 2020 లాక్‌డౌన్‌లో జలంధర్ డాబాల మీంచి వంద కిలోమీటర్ల పైన ఉన్న ధౌలాధార్ మంచు కొండలు కనిపించాయంటే పొగ పల్చబడబట్టే. మధ్యలో ఉన్న గాలి నీలం వెలుగును ఎక్కువగా చెదరగొడుతుంది కాబట్టి కొండకు ఆ రంగు. ముందు నునుపు, తర్వాత నీలం, ఆ తర్వాత ఏమీ లేదు.

— మా అమ్మమ్మ "నున్నన" అనేది. ఏది కరెక్టు?

రెండూ వాడుకలో ఉన్నవే. నా ఓటు నున్ననకి, నోట్లోనే జారిపోతుంది.

ఇవాళ పొద్దున మళ్లీ డాబా ఎక్కాను. గుట్ట లేదు, పొగమంచే.