అక్టోబరులో అరిజోనా ఎడారి, మోటర్‌హోమ్, వెంట అమ్మానాన్నలు: సలహా కావాలి

గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలతో అక్టోబరు చివర్లో ఫీనిక్స్‌లో 25 అడుగుల మోటర్‌హోమ్ (పడక, వంటగది ఉండే బండి) అద్దెకు తీసుకుని గ్రాండ్ కాన్యన్ లోయ, ఎర్రరాతి గుట్టలుండే మాన్యుమెంట్ వ్యాలీ చూడాలని ఉంది. అనుభవం ఉన్నవారు కాస్త దారి చూపండి.

ఎడారి అనగానే మావాళ్లు కాటన్ బట్టలే సర్దుకున్నారు. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు, అంటే సౌత్ రిమ్ ఎత్తు 2,100 మీటర్ల పైమాటే, ఆ నెలలో రాత్రిళ్లు గడ్డకట్టే చలి. అక్కడి మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో స్థలం దొరికింది కానీ కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఉండవు. జనరేటర్‌ను రాత్రంతా నడపనివ్వరు. గ్యాస్ హీటర్ ఫ్యాను తెల్లవార్లూ తిరిగితే బ్యాటరీ నిలుస్తుందా? లేక ఖర్చయినా కనెక్షన్లు ఉండే ట్రైలర్ విలేజ్‌కి మారడం మేలా? నీళ్ల గొట్టాలు గడ్డకట్టకుండా మీరేం చేశారు?

నాన్నగారికి 66 ఏళ్లు, రోజూ నడిచే అలవాటుంది. లోయలోకి దిగే బ్రైట్ ఏంజెల్ కాలిబాటలో మైలున్నర దూరాన ఉన్న విశ్రాంతి గది దాకా దిగుతానంటున్నారు. దిగడం సులువే, తిరిగి 340 మీటర్లు ఎక్కాలి కదా! మోకాళ్ల నొప్పి కూడా ఉన్న ఆయన్ని అంతదూరం తీసుకెళ్లవచ్చా? అమ్మ రిమ్ అంచున నడిస్తే చాలంటోంది, నా ఓటూ దానికే.

మాన్యుమెంట్ వ్యాలీలోని 27 కిలోమీటర్ల మట్టి రోడ్డు మీదికి మోటర్‌హోమ్‌లను అనుమతించరట. అక్కడి మూలవాసులైన నవాహో తెగ గైడ్ల జీపులో వెళ్దామనుకుంటున్నాం. పైగా వేసవి సమయం (గడియారాన్ని గంట ముందుకు జరిపే డేలైట్ సేవింగ్ పద్ధతి) పాటించే నవాహో ప్రాంతంలో గడియారం మిగతా అరిజోనా కంటే గంట ముందుంటుంది. సూర్యాస్తమయం చూసేందుకు ఏ సమయానికి జీపు మాట్లాడుకోవాలి? పెద్దవాళ్ల నడుములు ఆ కుదుపులకు తట్టుకుంటాయా?