అప్‌డేట్: డైవింగ్ కత్తి గురించి అడిగాను కదా, ఏం తీసుకున్నానంటే

విశాఖ వైపు డైవింగ్‌లో వల చుట్టుకుంటే కోయడానికి, పిక్కకు కట్టుకునే పెద్ద కత్తి కొనాలా అని అడిగాను. చాలామంది లైన్ కట్టర్ (సన్నటి సందులో బ్లేడు ఉండే చిన్న పనిముట్టు, దారాన్ని అందులో పెట్టి లాగితే తెగుతుంది), కత్తెర చాలన్నారు. రెండూ కొన్నాను.

అంతర్వేదిలో మా బాబాయి దగ్గర పాత వల ముక్కలు తెచ్చి, గ్లౌజులతో నీళ్లలో కోసి చూశాను. బిగువుగా ఉన్న నైలాన్ దారాన్ని లైన్ కట్టర్ ఒక్క లాగుతో తెంపేసింది. వదులుగా ముద్దకట్టిన వలకు మాత్రం కత్తెరే నయం, ఒంటి చేత్తో పనైపోయింది. లావు మోకు అయితే లైన్ కట్టర్ సందులోకే దూరదు, దానికి రంపపు పళ్ల కత్తి కావాలి. "మొన మొద్దుగా ఉన్నదే కొనరా, లేకపోతే గింజుకునేటప్పుడు నీకే గుచ్చుకుంటుంది" అన్నాడు బాబాయి. నాకూ అదే సరైందనిపించింది.

కత్తిని పిక్క మీద కట్టుకోవద్దని గట్టిగా చెప్తాను. కాలికే వల చుట్టుకుంటే అక్కడికి చెయ్యి అందదు, పైగా కత్తి ఒర కూడా వలకు తగులుకుంటుంది. లైన్ కట్టర్ ఛాతీ పట్టీకి పెట్టాను, ఏ చేత్తోనైనా అందుతుంది. కత్తెర నడుము దగ్గర. ఎక్కడున్నాయో తోటి డైవర్‌కి ముందే చూపించాలి.

టైటానియం తుప్పు పట్టదు కానీ ఖరీదు. స్టీలుదైతే ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. లైన్ కట్టర్ మాత్రం బ్లేడు మార్చుకునే రకమే తీసుకోండి. విమానంలో వెళ్తే ఇవన్నీ చెక్-ఇన్ లగేజీలోనే పెట్టండి.