అప్‌డేట్: రోటరీ క్లబ్బులో నా ప్రయాణం గురించి మాట్లాడాను

డాక్టర్లు, లాయర్లు ఉన్న మా రోటరీ క్లబ్బులో కుట్టుపని చేసే నేను నా వృత్తి గురించి ఏమి చెప్పాలని పోయిన నెల అడిగాను కదా. నిన్న మాట్లాడాను.

1905 ఫిబ్రవరి 23న షికాగోలో, రోటరీని మొదలుపెట్టిన లాయరు పాల్ హారిస్‌తో కలిసి తొలిసారి కూర్చున్నది ముగ్గురే: గనుల ఇంజనీరు, బొగ్గు వ్యాపారి, దర్జీ. ఆ దర్జీ పేరు హైరం షోరీ. అక్కడినుంచే మొదలుపెట్టాను. తరువాత అమ్మ పాత కుట్టుమిషను, నేను కుట్టిన తొలి జాకెట్టు చంకల దగ్గర బిగిసిపోతే రాత్రంతా విప్పి మళ్లీ కుట్టడం. సగం సమయం ఆ జాకెట్టుకే పట్టింది.

మీరు చెప్పినట్లే పదవులు, సన్మానాల జాబితా చదవలేదు. నా తరువాత లేచిన రిటైరైన బ్యాంకు మేనేజరుగారు, తమ నాన్నగారూ దర్జీయేనని క్లబ్బులో తొలిసారి చెప్పారు. ఆయన గొంతు వణికింది.

సలహా ఇచ్చిన అందరికీ నమస్కారాలు.