వేషాలతో గండికోటలో రోల్‌ప్లే ఆడొచ్చా?

ప్రశ్న – కర్నూలు
శనివారం మా మేడ మీద డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్రై, పాచికలు వేస్తూ కలిసి కథ నడిపే ఆట) పెట్టుకుంటున్నాం. కథ నేనే రాశా: బెలూం గుహల్లో పాతాళగంగ దగ్గర దారి తప్పిన వర్తకుల బిడారు. సగం మంది కొత్తవాళ్ళు. ఇరవై ముఖాల పాచికను ముచ్చటగా తిప్పి చూస్తారు గానీ, పాత్రలా మాట్లాడమంటే నోరు పెగలదు. ఆ టెన్షన్ ఎలా పోగొట్టాలి? ఆదివారం అదే కథను గండికోటలో వేషాలేసుకుని ఆడాలని నాకు ఎంత కోరికో!

జవాబు – ప్రొద్దుటూరు
అన్నా, గండికోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కోట. అనుమతి లేకుండా కత్తులు పట్టుకుని గుంపుగా పోవద్దు. పెన్న లోయ అంచున రాళ్ళ మీద పరుగులు అసలే వద్దు. తెలిసినవాళ్ళ మామిడితోట చాలు. ఆట కత్తులకు లోపల సన్నటి పీవీసీ పైపు, చుట్టూ మందంగా ఫోమ్. కొన దగ్గర పైపు తగలకుండా ఫోమ్ ఇంకాస్త పొడుగ్గా వదలాలి. తల, మెడ మీద దెబ్బ వేయకూడదని ముందే ఒట్టు వేయించుకోండి.

జవాబు – అనంతపురం
గొంతు మార్చమని అడగొద్దు. "తలుపు అవతల ఏదో కదులుతోంది, నువ్వేం చేస్తావ్?" అని అడగండి చాలు. "నేను దివిటీ ఆర్పేస్తా" అన్నా అది పాత్రే. పాత్రల కాగితాలు (ఒక్కో పాత్ర బలాలు అంకెల్లో రాసుకునేవి) ముందే నింపి ఇవ్వండి. రూల్స్ వివరిస్తూ కూర్చుంటే రాత్రి గడిచిపోతుంది. పాచిక వేసి, కాగితంలోని బలం కలిపి, మీరు పెట్టిన లక్ష్య సంఖ్యను అందుకుందా లేదా, అంతే.

ప్రశ్న అడిగినవారు
తోటే ఖాయం చేశా. పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని మొదలుపెడతాం. ప్రొద్దుటూరు తమ్ముడూ, నువ్వూ రా, బిడారుకు కాపలాదారు కావాలి.